రైలు పుల్లయ్యది, పొలం ఆండాళుది

మా బజార్ల పుల్లయ్య సేటు గురించి రాయమని నన్ను ఎవరూ అడగలే. అయినా రాస్తున్న. బడిల ఇన్నేండ్లు పిల్లలతోని గొంతు చించుకున్న గని, ఈ ఒక్క మొగుడుపెండ్లాలతోని అయినంత పరేషాన్ నాకు ఏ తరగతిల కాలే. ఎవరికన్న చెప్పుకోకపోతే నా కడుపుబ్బరం తగ్గేటట్టు లేదు.

పుల్లయ్యకు సూర్యాపేటల బుక్కుల దుకాణం. పలకలు, పెన్నులు, చార్టులు, రంగు కాగితాలు. మా బడికి చాక్‌పీసులు నేను గాడనే కొనేదాన్ని. ఇప్పుడు దుకాణం కొడుకు ప్రవీణ్ సూసుకుంటున్నడు. వాళ్ల ఇల్లు మా ఇంటికి ఎదురుంగనే. నేను ఆయనను అన్నా అంటా, ఆయన నన్ను టీచరమ్మా అంటడు. ఆయన భార్య ఆండాళు నాకు వదిన. రక్తసంబంధం ఏం లేదు, పచ్చడి గిన్నెలు అటు ఇటు తిరిగి తిరిగి వదిన అయింది.

మనిషి మంచోడే. బేరం తక్కువ, మాట ఎక్కువ. ఒక్కటే రోగం, రైలు రోగం.

మా సూర్యాపేటకు రైలు లేదు. బస్సులు రాత్రిపగలు ఉరుకుతనే ఉంటయి గని రైలు కూత ఇనాలంటే మిర్యాలగూడ పోవాల్సిందే. పుల్లయ్య చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు మిర్యాలగూడల మేనమామ రైసుమిల్లుకు పోయేటోడు. మిల్లు ఎనుకనే పట్టాలు. కడమ పిల్లలంత మామిడికాయలకు పోతే, ఈయన ఊక కుప్ప మీదికెక్కి గూడ్సు బండి కోసం కూసునేటోడట. ఊకల కూసుంటే ఏమైతది? ఒళ్లంత దద్దుర్లు. వాళ్లమ్మ కొబ్బరినూనె రాసుకుంట తిట్టేది, తెల్లారి మళ్ల ఊక కుప్ప మీదనే.

పెండ్లి కూడ గా పట్టాల పక్కనే కుదిరింది. ఆండాళు వాళ్లది మిర్యాలగూడ, వడ్ల వ్యాపారం. పెండ్లిసూపులకు పోయిన్రు. పిల్లను తెచ్చి సాప మీద కూసోబెట్టిన్రు. సరిగ్గ అప్పుడే ఇంటెనుక రైలు కూసింది. మనోడు చేతుల ఉన్న బూందీ పళ్లెం పక్కన పెట్టి దొడ్లకు ఉరికిండు.

"నా మొఖం సూడలే వదినా," అంటది ఆండాళు, ఇప్పటికీ అదే కోపంతోని. "ఆఖరి డబ్బా పోయేదాక గోడ పట్టుకొని సూసి, వచ్చి, నాకు నచ్చింది అన్నడు. ఏం నచ్చింది? నేనా, ఇంజనా?"

"రెండూ నచ్చినయి," అంటడు పుల్లయ్య, జర కూడ సిగ్గు లేకుంట.

ఇంత పిచ్చి ఉన్నోడు రైలెక్కుతడా అంటే ఎక్కడు! ఎక్కితే కడుపుల తిప్పుతది. హైదరాబాదుకు బస్సుల పోతడు. రైలును సూడాలె, అంతే. ఆండాళు పుట్టింటికి పోయినప్పుడల్ల అత్తగారింట్ల టీ తాగుడు మర్చిపోయి స్టేషనుకు పోయి బెంచి మీద కూసుంటడు. అల్లుడు అలిగిండేమో అని వాళ్లు పాపం బొబ్బట్లు పట్టుకొని స్టేషనుకు పోయేటోళ్లు.

దుకాణం కొడుకుకు అప్పజెప్పినంక ఇగ ఆయనను పట్టేటోడు లేకుండ పోయిండు. ప్రవీణ్ ఫోన్ల నొక్కి ఒక బొమ్మ రైలు తెప్పించిండు. చేతుల పట్టేటంత ఇంజను, డబ్బాలు, పట్టాలు. నాయిన ఖాళీగ ఉండొద్దని తెప్పించిండు పిల్లగాడు, ఇంటి మీదికి ఏం తెస్తున్నడో తెల్వక. పుల్లయ్య వడ్రంగి లింగ్యాను పిలిచి ప్లైవుడ్ కొట్టిచ్చిండు. ముందుగాల మంచమంత. అటెనుక రెండు మంచాలంత. ఆఖరికి హాలంత. దివాను బయటికి పోయింది, టీవీ పడకగదికి పోయింది, వచ్చినోళ్లు గోడకు ఆనుకొని పక్కకు నడిచి వంటింట్లకు పోవాలె.

ఆ ప్లైవుడ్ మీద ఒక మూలకు మిర్యాలగూడ స్టేషను, ఇంకో మూలకు వాడపల్లి కాడ కృష్ణ మీద వంతెన, నడుమ పొలాలు, రైసుమిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీ. ఇదంత ఆయన మనసుల ఉన్నది. ప్లైవుడ్ మీద మాత్రం ఉత్త ప్లైవుడ్డే ఉన్నది. రైలు గుండ్రంగ తిరుగుతది, సూసినోళ్లకు కళ్లు తిరుగుతయి, అంతే.

వచ్చినోళ్లు ఊకుంటరా? ఒక్కొక్కరు ఒక్క సలహా. "సేటూ, సూర్యాపేట స్టేషను పెట్టరాదు, గిట్లనన్న మనకు రైలొస్తది," అని పక్కింటి వెంకటేశ్వర్లు.

"లేని స్టేషను నేనెట్ల పెడత?"

"మరి లేని వంతెన పెట్టినవు గద."

"వంతెన ఉన్నది! వాడపల్లి కాడ ఉన్నది!"

"గాడ ఉన్నది. గీడ ఏది?"

పుల్లయ్య మొఖం ఎర్రగ కందిపోయేది.

ఇదంత ఇట్లనే నడిచేది గని, దసరా అడ్డమొచ్చింది. ఆండాళు వాళ్లింట్ల దసరాకు బొమ్మల కొలువు పెడతరు. మెట్లు కట్టి, తెల్లబట్ట పరిచి, తరాల నాటి కొయ్యబొమ్మలు, మట్టిబొమ్మలు వరసగ పెట్టి, ముందట మట్టి పోసి గింజలు చల్లుతది. పండుగ నడుమకొచ్చేసరికి పచ్చగ మొలుస్తయి. ఊరంత వచ్చి సూసేటోళ్లు. ఆ కొలువు హాల్లనే పెట్టాలె. హాల్ల రైలు కూసున్నప్పటి సంది కొలువు లేదు. బొమ్మలు పెట్టెల పాత చీరల మధ్యల పండుకున్నయి.

ఈసారి ఆండాళు ముక్కుసూటిగ చెప్పింది. "ఈ దసరాకు నాకు హాలు కావాలె. రైలా, కొలువా, తేల్చుకో."

పుల్లయ్య నా దిక్కు సూసిండు. నేను గోడ దిక్కు సూసిన.

దారి కోదాడల దొరికింది. చరిత అని ఒక అమ్మాయి గాడ పిల్లల గ్రంథాలయం నడుపుతది. ప్రవీణ్ దుకాణం కెల్లి పుస్తకాలు తీసుకపోతది. రైలు సంగతి ఇని, మా వార్షికోత్సవానికి తెచ్చి చూపించండి, పొద్దంతా ఆగకుండా నడిచి పిల్లలకు నచ్చితే మా దగ్గరే ఒక గదిలో శాశ్వతంగా పెట్టుకుంటాం అన్నది. పుల్లయ్యకు రెక్కలొచ్చినట్టయింది. ఆ ఉషారుల నోరు జారిండు. "కోదాడోళ్లు తీసుకోకపోతే ఊడదీసి ప్లైవుడ్డు లింగ్యాకే ఇచ్చేస్త. మళ్ల రైలు మాట ఎత్త."

"దేవుని పటం మీద చెయ్యి పెట్టి చెప్పు," అన్నది ఆండాళు. పెట్టిండు. ఇగ ఖతం.

కాబట్టి కొండలు కావాలె, పొలాలు కావాలె, నది కావాలె. "టీచరమ్మా, నువ్వు బడిల మోడళ్లు చేయించినవు గద," అన్నడు. నేను తలకాయ ఊపిన. ఆ తలకాయను తర్వాత ఎన్నిసార్లు గోడకు కొట్టుకున్ననో.

కొండ ముందుగాల. పాత పేపర్లు నానబెట్టి, మైదాపిండి ఉడకబెట్టి, ముద్దలు ముద్దలుగ పేర్చినం. ఎండింది, రంగేసినం, బాగనే ఉన్నది. తెల్లారి సూస్తే కొండ కదులుతున్నది. చీమలు! మైదా కొండను పుట్ట చేసుకున్నయి. మందు కొడితే రంగు ఊడింది. మేనమామది రైసుమిల్లు గద, మట్టి రంగుకు తవుడు చల్లుదామన్నడు పుల్లయ్య. చల్లినం. తవుడుకు ఎలుక వచ్చింది. ఎలుక వచ్చి తవుడుతోని ఊకున్నదా, మిర్యాలగూడ స్టేషను అట్టపెట్టె గోడ కూడ కొరికి పోయింది. పొలాలకని నేను రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపిన. ఎండినంక అది మైలుతుత్తం లెక్క నీలంగ అయింది.

"ఏందిది?" అన్నది ఆండాళు వంటింటి గుమ్మంల నిలవడి.

"వరి పొలం."

"మా మిర్యాలగూడల ఏ పొలం గీ రంగుల ఉన్నది? దీన్ని సూసి కోదాడోళ్లు తీసుకుంటరా? తీసుకోకపోతే ఊడదీసుడు అటుంచు, నీ మొగడు పేపరు పట్టుకొని కూసున్నట్టు ఈయన ఇంకో ఏడాది అతికిచ్చుకుంట కూసుంటడు."

నా మొగడు ఎందుకొచ్చిండు నడుమ? ఆయన పాపం కుర్చీల పేపరు సదువుకుంటున్నడు మా ఇంట్లనే.

గప్పటి సంది ఆండాళు చీర కొంగు చెక్కుకొని దిగింది. రైలు మీద ప్రేమ కాదు, రైలు ఇల్లు దాటాలని. ముందుగాల కొలువు బొమ్మల పెట్టె తెరిచి స్టేషనుల మనుషులను పెట్టింది. పుల్లయ్య సూసి నెత్తి పట్టుకున్నడు. స్టేషను జానెడు, బొమ్మ మూరెడు.

"గీ స్టేషన్ మాస్టర్ ఇంజనును చంకల పెట్టుకొని ఇంటికి పోయేటట్టున్నడు ఆండాళూ!"

"పెద్దమనుషులు పెద్దగనే ఉంటరు."

"కొలతలుంటయే తల్లీ! ఇంజను ఎంత ఉన్నదో మనిషి దానికి తగ్గట్టుండాలె!"

"మా కొలువుల రాముడు, పక్కన కూరగాయలామె, ఆమె పక్కన పులి, అందరు ఒక్క ఎత్తే. ఎవరన్న కొలత అడిగిండ్రా?"

నేను అడ్డం పడి బొమ్మలు తీయించిన. అలిగింది. ఆ అలుకలనే పొలం మొత్తం తన చేతులకు తీసుకున్నది. మిర్యాలగూడ కెల్లి వడ్లు తెప్పించింది. నానబోసి, తడి గోనెపట్టల మూటగట్టి మొలకెత్తిచ్చింది. ప్లైవుడ్ మీద పాల పాకెట్ల కవర్లు పరిచి, బంకమట్టి పోసి, పట్టాలకు అటు ఇటు మొలక వడ్లు చల్లింది. కొలువుల చల్లినట్టే, కాకపోతే ఆవాలు మెంతుల తావుల నిజం వడ్లు.

"రైలు నడిచేది వరి పొలాల నడుమ. ఆవాలు చల్లితే ఎవరు నమ్ముతరు?" అన్నది.

నాలుగు రోజులకే పచ్చగ, సన్నగ, వేలెడు పైరు. అబ్బ, ఏం చెప్పాలె! పట్టాల పక్క పొడి ఊకబూడిద, అటు ఇటు పచ్చదనం, నడుమకెల్లి రైలు పోతాంటే పుల్లయ్య కుర్చీ మీద ముందుకు వంగి సూసుకుంట ఉండిపోయిండు. ఆండాళు కూడ సూసింది. నవ్వలే. "బాగనే ఉన్నది," అన్నది. ఇగ ఎల్లుండే కోదాడ అనుకున్నం.

అప్పుడు చరిత ఫోన్ చేసింది. "అంకుల్, ఏమనుకోకండి, వానకు మా హాలు కురుస్తోందండి. బాగు చేయించి వచ్చే వారమో ఆపై వారమో పెట్టుకుందామండి."

హాలు బాగయ్యేదాక ఆగొచ్చు. పైరు ఆగుతదా? నేను పొద్దుగాల పోతే జానెడు, మాపటికి ఇంకింత. రైలు పొలంలకు దూరిందంటే కనపడకపోయేది. ఆ దిక్కుకెల్లి ఆకులు కదిలితే, ఆ, గీడ పోతున్నది అనుకోవాలె. వేర్లు దిగి మట్టి ఉబ్బి పట్టా ఒక దిక్కు లేచింది. గాడికి రాంగనే ఇంజను ఎగిరి బురదల పడేది. పుల్లయ్య అగ్గిపుల్లలు పెట్టి పట్టా సరిజేసుడు, ఆమె నీళ్లు చల్లుడు, పట్టా మళ్ల లేసుడు.

ఒకనాడు ఆయన కత్తెర పట్టుకున్నడు. ఆండాళు చెయ్యి అడ్డం పెట్టింది.

"కొలువుల మొలకకు పండుగ ఎల్లేదాక కత్తెర పెట్టొద్దు. మా అమ్మ పెట్టలే, మా నాయనమ్మ పెట్టలే."

"ఇది కొలువా? ఇది రైలు!"

"అది నీకు తెలుసు. మొలకకేం తెలుసు?"

"టీచరమ్మా, జర చెప్పు!" అన్నడు నా దిక్కు తిరిగి.

ఏం చెప్పాలె? కత్తెర పెడితే ఆమెకు అరిష్టం, పెట్టకపోతే ఆయనకు ఖతం. నేను ఇంటికి పోయి తలనొప్పి గోళీ ఏసుకున్న.

చరిత పిలిచిన నాడు పొద్దుగాలనే ఆటో నడిపే గేమ్యా ట్రాలీ తీసుకొని వచ్చిండు. ప్లైవుడ్డు ముక్కలు ముక్కలుగ విప్పి ఎక్కిచ్చినం. పొలం ముక్క మాత్రం నలుగురం పట్టుకున్నా లేవలే, అంత బరువు; బజార్ల ఇంకిద్దరు చెయ్యేస్తే ఎక్కింది. "ఏంది సేటు, పొలం రిజిస్ట్రేషన్ చేపిచ్చి తీసుకపోతున్నవా?" అన్నడు గేమ్యా. పుల్లయ్య నవ్వలే. పొద్దటి సంది చాయ కూడ తాగలే.

కోదాడల హాలు నిండ పిల్లలు, తల్లిదండ్రులు. సుట్టుపక్కల ఊర్ల రైతులు కూడ పిల్లలను తీసుకొని వచ్చిన్రు. పుల్లయ్య స్విచ్ ఏసిండు. రైలు మిర్యాలగూడల బయలెల్లింది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. మేం అట్టముక్కలతోని కట్టిన వంతెన దాటింది. ఇంకా చప్పట్లు. తిరిగి పొలం దిక్కు మళ్లింది, వరిల దూరింది, ఇగ రాలే.

అందరం సూస్తున్నం. ఆకు కదలదు.

"రైలు ఏమైందండీ?" అన్నడు ఒక పిల్లగాడు.

"పొలంలో పడుకుందిరా," అన్నడు ఇంకొకడు. హాలంత నవ్వు.

పుల్లయ్య వంగి రెండు చేతులతోని పైరు పాయలు తీసి ఎతుకుతున్నడు. చెమటలు కారుతున్నయి. అదే సమయానికి పాలకీడు కెల్లి వచ్చిన పెద్దాయన ఒకాయన, తలకు తువ్వాల చుట్టుకున్నడు, రైలును పక్కన పెట్టి పొలం మీద వంగిండు. ఒక్క పోచ ముట్టుకొని సూసి, "నారు ముదిరింది. నాటెయ్యాల్సింది ఎప్పుడో," అన్నడు.

"ఎర్రబారింది కూడ, జర యూరియా పడాలె," అని ఆయన పక్కాయన.

"ఇదేం రకమమ్మా? సన్నాలా?"

"సన్నాలే," అన్నది ఆండాళు, గొంతుల ఎన్నడూ లేని గర్వంతోని. "మా మిర్యాలగూడయి."

పది మంది రైతులు పొలం సుట్టు చేరిన్రు. రైలు మాట ఎత్తినోడు లేడు. పుల్లయ్య బురద అంటిన ఇంజను చేతుల పట్టుకొని నిలవడ్డడు. పంచె మీద కూడ బురదే. నా దిక్కు సూసిండు. ఆ మొఖం నేను సూడలేకపోయిన. ఆగకుండ నడవాలె అన్న షరతు ఒక్క సుట్టు కూడ దాటలే. చరిత గడియారం సూసుకుంటున్నది, పాపం మర్యాదగనే.

ఆండాళు నా దగ్గరికొచ్చింది. "వదినా, ఆ గ్రంథాలయమామెను కత్తెర అడుగు."

నాకు అర్థం కాలే. అడిగి తెచ్చిచ్చిన. ఆమె చెప్పులు ఇడిసి, పొలానికి రెండు చేతులు జోడించి, నోట్ల ఏందో గొణిగి, పట్టాలకు అటు ఇటు రెండు వేళ్ల మందం పైరు కోసింది. కుచ్చ కుచ్చ కోసి కొంగుల ఏసుకున్నది. పుల్లయ్య పట్టాలు తుడిచిండు. ఇద్దరు ఒకరి దిక్కు ఒకరు సూసుకోలే. ఆయన స్విచ్ ఏసిండు. రైలు నరికిన దారెంట, అటు ఇటు నిలువెత్తు వరి నడుమకెల్లి, కనపడుకుంట, కనపడకుంట పోయి అవతల తేలింది. పిల్లల అరుపులకు నా చెవులు మూసుకపోయినయి. పొద్దూకేదాక తిరుగుతనే ఉన్నది. ఎన్నిసార్లు పడ్డదో, ఆయన ఎన్నిసార్లు లేపిండో, పిల్లలు అదీ ఆటే అనుకున్నరు.

ఆఖరుకు చరిత వచ్చింది. "అంకుల్, మా కమిటీ వాళ్లు ఒప్పుకున్నారండి. రేపటి నుంచి ఇక్కడే ఉంచేయండి. గది కూడా చూశాం."

పుల్లయ్య తలకాయ ఊపుతనే ఉన్నడు. నేను ఊపిరి పీల్చుకున్న. హాలు ఆండాళుకు, రైలు కోదాడకు, నిద్ర నాకు.

"ఒక్కటేనండి," అన్నది చరిత. "ఈ పైరు మాత్రం తీసేద్దామండి. తడికి చెక్క ఉబ్బిపోతుంది, దోమలు పడతాయి. ప్లాస్టిక్ గడ్డి షీట్లు వస్తున్నాయి కదా, పచ్చగా, శుభ్రంగా. మేమే తెప్పించి అంటించేస్తాం."

"అంటించుకోండమ్మా, సల్లగ అంటించుకోండి," అన్నడు పుల్లయ్య.

"ఏందీ?" అన్నది ఆండాళు. కొంగుల కోసిన పైరు అట్లనే ఉన్నది. "ప్లాస్టిక్కా?"

"అవునండీ అమ్మా, చూడ్డానికి అచ్చం..."

"నా చేను పీకి ప్లాస్టిక్కు పరుస్తరా?"

"ఆండాళూ," అన్నడు పుల్లయ్య, బతిమాలినట్టు.

"నువ్వు మాట్లాడకు. గేమ్యా! ఓ గేమ్యా! బండి ఎనుకకు పెట్టు!"

"వదినా, మరి దసరాకు హాలు?" అన్న నేను. అడగకపోయినా బాగుండేది.

"హాల్లనే ఉంటది. కొలువు దీని మీదనే పెడత. ఎవరు కాదంటరు?"

"నా రైలు మీద కొలువా!" అన్నడు పుల్లయ్య. "వాళ్లు తీసుకుంటమంటున్నరే! గది ఇస్తమంటున్నరే! దేవుని పటం మీద చెయ్యి పెట్టిచ్చినవు గద నాతోని!"

"కోదాడోళ్లు తీసుకోకపోతే ఊడదీస్త అన్నవు. వాళ్లు తీసుకుంటమన్నరు. నేనియ్య అంటున్న. దేవునికి లెక్క తెలుసు."

చరిత నా దిక్కు సూసింది. "మేడమ్, వీళ్లకు నచ్చలేదా?"

"నచ్చింది తల్లీ," అన్న. "అదే పరేషాన్."

గేమ్యా ట్రాలీ గుమ్మం కాడికి తెచ్చి అరుస్తున్నడు. "దించుడా, ఎక్కిచ్చుడా, ఏదో ఒక్కటి చెప్పుండ్రి సేటు! డీజిలు కాలుతున్నది!"

పుల్లయ్య ఆండాళును సూసిండు, గదిని సూసిండు, పొలాన్ని సూసిండు. "ఎక్కియ్యి," అన్నడు ఆఖరికి, కసిగ.

వచ్చేటప్పుడు ఆయన గేమ్యా పక్కన ముందట కూసున్నడు, నేను, ఆండాళు ఎనుక ట్రాలీల. ఆమె చేతుల గొడుగు. మా నెత్తి మీద కాదు, పొలం మీద. మునగాల కాడ బండి ఆపి పుల్లయ్య నీళ్ల బాటిలు కొనుక్కొచ్చి ఆమెకిచ్చిండు. ఆమె రెండు గుక్కలు తాగి కడమయి పైరు మీద చిలకరించింది.

"పట్టాల మీద పడుతున్నయే! తుప్పు పడుతయి!" అని కిటికీల కెల్లి తల బయటపెట్టి అరిచిండు.

"నువ్వు ముందటికి సూసి కూసో, లేకుంటె వాంతులైతయి," అన్నది ఆమె.

గేమ్యా పాటల సౌండు పెంచిండు.